పదకోశంలో ‘పాపం’ ఒక మాటా, రెండు మాటలా?

పెన్నేటిగట్టు (కడప):

సీమ వాడుక మాటలతో హైస్కూలు పిల్లల కోసం ఒక చిన్న పదకోశం తయారవుతోంది. ‘ప’ దగ్గరికొచ్చి పని నిలిచిపోయింది. నిలిపిన మాట ‘పాపం’.

‘వాడు చేసిన పాపం ఊరికే పోదు’ అంటాం. ‘వానికి పాపం రెండెకరాలే ఉండేది, అదీ పోయింది’ అనీ అంటాం. మొదటిది చెడ్డ పని, దాని ఫలం. రెండోది జాలి. నిఘంటువులో ఒక్కో మాటకు ఇచ్చే పద్దును ఆరోపం అంటారు. ఇప్పుడు ఒకే ఆరోపం కింద 1, 2 అని అర్థాలు వేయాలా, లేకపోతే ‘పాపం-1’, ‘పాపం-2’ అని రెండు ఆరోపాలు పెట్టాలా అన్నదే తగువు.

మామూలు పద్ధతి అందరికీ తెలిసిందే. పుట్టుక ఒకటైతే అర్థాలెన్నున్నా ఒకే ఆరోపం, పుట్టుక వేరైతే వేరు. బిడ్డ అనే అర్థంలో ‘పాప’ గురించి పేచీ లేదు. అది పాపాయి, పాపడు, కనుపాపల కుటుంబం, అచ్చ తెలుగు మాట. సంస్కృతం నుంచి వచ్చిన పాపంతో దానికి చుట్టరికం లేదు, వేరే ఆరోపమే. చిక్కంతా జాలి పాపం దగ్గరే ఉంది.

అభిప్రాయం చెప్పేవాళ్లు దయచేసి దానికి తగిన వాక్యం కూడా రాయండి. వాక్యం లేకుండా ‘నాకట్లా అనిపిస్తుంది’ అంటే పద్దు ముందుకు నడవదు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

రెండు ఆరోపాలే పెట్టాలి. పుట్టుక సంగతి తర్వాత చూద్దాం. ఈరోజు నోట్లో ఆ మాట ఏం పని చేస్తోందో ముందు చూడండి.

చేసిన పాపం నామవాచకం. పాపాలు, పాపానికి, పాపంలో, పాపపు సొమ్ము, అన్నీ వస్తాయి. జాలి పాపానికి వీటిలో ఒక్కటీ అతకదు. పదిమంది మీద జాలిపడినా ‘పాపం వాళ్లకు ఇల్లు లేదు’ అంటామే గాని ‘పాపాలు’ అనం. విభక్తి చేర్చామా, అర్థం ఆ క్షణమే చేసిన పాపం వైపు దొర్లిపోతుంది.

ఇంకోటి, వాక్యంలో దాని చోటు. ‘పాపం ఆయమ్మ పొద్దున్నించి ఏమీ తినలేదు.’ ‘ఆయమ్మ పాపం పొద్దున్నించి ఏమీ తినలేదు.’ ‘ఆయమ్మ పొద్దున్నించి ఏమీ తినలేదు పాపం.’ మూడు చోట్లా కుదురుతుంది. మొత్తానికి తీసేసినా వాక్యం చెక్కుచెదరదు, జాలి ఒక్కటే పోతుంది. చేసిన పాపాన్ని అట్లా తీయండి చూద్దాం. ‘పాపం మూటగట్టుకున్నాడు’లో పాపం తీస్తే మిగిలేది ఏ మూటో తెలియదు.

‘నేను’తో కూడా పరీక్షించండి. ‘నేనేం పాపం చేసినాను’ అనడానికి అడ్డేమీ లేదు. ‘పాపం నేను పొద్దున్నించి తినలేదు’ అంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది. జాలి పాపం ఎదుటివాళ్ల మీద నిలుస్తుంది, మాట్లాడేవాళ్ల మీద నిలవదు. ‘పాపము’ అని నిండుగా పలికినా ఈరోజుల్లో చేసిన పాపమే తోస్తుంది.

కాబట్టి జాలి పాపం అవ్యయం. ఒకదానికి ‘నా.’ అనీ ఇంకోదానికి ‘అవ్య.’ అనీ వ్యాకరణం గుర్తు వేయాల్సి వచ్చినప్పుడు ఒకే ఆరోపంలో ఎట్లా ఇముడుస్తారు?

గుత్తికోట (అనంతపురం):

అన్నా, పరీక్షలు బాగున్నాయి. అయితే తీసేసినా వాక్యం నిలుస్తుందన్నది అన్ని చోట్లా నిలవదు. ‘పాపమని పాత చీర ఇస్తే గోడచాటుకు పోయి మూర వేసిందట’ సామెత తీసుకోండి. ఆ పాపం జాలే. దాన్ని తీస్తే ‘అని’ గాల్లో వేలాడుతుంది. ‘వాణ్ని చూస్తే పాపం అనిపించింది’లోనూ అంతే, అది వాక్యం నడిబొడ్డున ఉంది.

ఇప్పుడు దీని పక్కన ‘అట్లా తరమడం పాపం అనిపించింది’ పెట్టండి. మాటలు అవే, ‘పాపం అనిపించింది’. ముందున్నది మనిషైతే జాలి, ముందున్నది పనైతే తప్పు. మరి ‘ఆ కుక్కను కొడుతుంటే పాపం అనిపించింది’ అన్నప్పుడు ఏది? కొట్టడం పాపమనా, కుక్క పాపమనా? అన్నవాణ్ని నిలబెట్టి అడిగినా విడదీసి చెప్పలేడు. రెండూ కలిసే ఉన్నాయి అక్కడ. రెండు ఆరోపాలు చేస్తే ఈ వాక్యాన్ని దేని కింద రాస్తారు?

వ్యాకరణం గుర్తు మారినంత మాత్రాన ఆరోపం చీలదు. ‘మంచిది కొనుక్కో’లో ‘మంచిది’ నామవాచకం. ‘మంచిది, పోయి రా’లో అదే మాట ఒప్పుకోలు. దానికి రెండు ఆరోపాలు ఎవరూ పెట్టరు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

‘అని’ చేరడం పెద్ద రుజువు కాదు తమ్ముడూ. ‘ఛీ అని’, ‘అయ్యో అని’, దేనికైనా చేరుతుంది. కుక్క వాక్యానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను.

రేనాటిరాయి (కడప):

మీరిద్దరూ ఈరోజు నోటినే చూస్తున్నారు. ఈ మాట సీమ రాళ్ల మీద ఎట్లా ఉందో కూడా చూడాలి, పద్దుకు అది పనికొస్తుంది.

గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి 14 ప్రధాన శాసనాలూ ఉన్నాయి. క్రీ.పూ. 3వ శతాబ్దం, బ్రాహ్మీ లిపి, ప్రాకృతం. ఐదో శాసనం ‘మేలు చేయడం కష్టం’ అని మొదలవుతుంది, ‘పాపం చేయడం సులువు’ అన్న మాట అందులోదే. తెలుగు రాత మొదలు కాకముందే ఈ మాట ఈ నేల మీద రాతికెక్కింది.

తర్వాత ఎర్రగుంట్ల దగ్గర కలమల్ల. రేనాటి చోళుడు ధనంజయుని శాసనం, సుమారు క్రీ.శ. 575, తెలుగులో తొలి శాసనమని చెప్పుకునేది. చివరి వరుసల్లో అక్షరాలు చాలా చెదిరిపోయినాయి. అయినా ‘పాతక’ అన్నది మిగిలింది. దానాన్ని చెరిపినవానికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయనే శాపవాక్యం అది. ఆ ఐదూ ఇవి: బ్రహ్మహత్య, సురాపానం, బంగారం దొంగతనం, గురుపత్నిని చేరడం, ఈ నాలుగూ చేసినవాళ్లతో సావాసం. ఐదోదాన్ని పట్టి చూడండి, చేయకపోయినా చేసినవానితో తిరిగితే చాలు, పాతకమే. పాతకం అంటే పడేసేది. ‘పతనం’లోని ధాతువే ఇందులోనూ ఉంది.

పద్దుకు అసలు పనికొచ్చేది విజయనగర కాలపు దానశాసనాల చివరి వాక్యం. కైఫీయతుల్లోనూ, అంటే ఊళ్ల చరిత్రలు రాసిపెట్టిన పాత రికార్డుల్లోనూ కనిపిస్తుంది. ఈ ధర్మానికి తప్పినవాళ్లు ‘గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోదురు’ అనే ధోరణిలో ఉంటుంది. దాని కట్టు చూడండి: చంపిన, పాపాన, పోదురు. పాపాన అంటే పాపమున, ఆ పాపంలోకి పోతారు, పడతారు అని. ఇప్పుడు రోజూ పేపర్లో చదివే ‘ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు’ తీసుకోండి. అడిగిన, పాపాన, పోలేదు. కట్టు అదే. రాతి మీద అది శాపం, ‘పోదురు’ అని ఉంటుంది. ఈరోజు అది నిష్ఠూరం, ఎప్పుడూ ‘పోలేదు’ అనే వస్తుంది.

ఒకే ఆరోపం పెట్టి ఈ నుడికారాన్ని అందులో ఇమడ్చండి. రెండు చేస్తే పిల్లలు దీన్ని జాలి కింద వెతుక్కుంటారు.

చిత్రావతి (అనంతపురం):

ఆ నుడికారాన్ని పదకోశంలో పెడితే ‘తప్పు వాడుక’ అని గుర్తు వేసి పెట్టండి. ‘పలకరించిన పాపాన పోలేదు’ అంటారు, పలకరించడం పాపమా? ‘ఆదుకున్న పాపాన పోలేదు’ అంటారు, ఆదుకోవడం పాపమా? పుణ్యమని చెప్పాల్సిన చోట పాపమని చెప్తున్నాం. గోవును చంపడం పాపం గనుక రాతి మీద వాక్యం సరిగ్గా ఉంది. పేపరు వాక్యం తిరగబడింది. పదమూడేళ్ల పిల్లలకు దాన్నే నేర్పితే రేపు అర్థం అడిగినప్పుడు ఏం చెప్తారు?

రేనాటిరాయి (కడప):

అక్కా, తిరగబడిందన్న మాట నిజం. తప్పన్న మాట మాత్రం ఒప్పుకోలేను. ఎందుకంటే అదొక్కటే కాదు, దానికి తోబుట్టువులు ఉన్నాయి. ‘నిజం చెప్పిన పాపానికి కొలువు పోయింది.’ ‘జామీను సంతకం పెట్టిన పాపానికి ఇల్లు వేలానికొచ్చింది.’ ‘ఆడదై పుట్టిన పాపానికి చదువు మాన్పించినారు.’ వీటిలో పాపమని చెప్పినవి ఏవీ పాపాలు కావు. నిజం చెప్పడం, ఒకరికి అండగా నిలవడం, ఆడపిల్లగా పుట్టడం. వచ్చిన శిక్షను చూస్తే ఇది పాపమే అయ్యుండాలేమో అన్న కడుపుమంట ఆ మాటలో ఉంది. ముందు మంచి పని ఉండటమే ఆ నుడికారానికి బలం. ‘దొంగతనం చేసిన పాపానికి జైలుకు పోయినాడు’ అంటే వట్టి సమాచారం, మంట లేదు.

‘అడిగిన పాపాన పోలేదు’లోనూ అంతే. అడగడమే ఒక పాపమన్నట్టు అందరూ తప్పుకున్నారు అని నిష్ఠూరం. తిరగబడటం ఇక్కడ తెలిసి చేసిన పని.

పిల్లలు తప్పు చేసే చోట్లు చెప్తాను, అవి పద్దులో రాయండి. రెండు నుడికారాలనూ కలిపేసి ‘అడిగిన పాపానికి పోలేదు’ అని రాస్తారు, అది కుదరదు. ‘పాపాన’ అయితే ‘పోలేదు’, ‘పాపానికి’ అయితే తర్వాత జరిగిన నష్టం రావాలి. ‘అడిగిన పాపాన పోయినాడు’ అని నిశ్చయంగా రాస్తే ఈ అర్థం రాదు. ఇంకా, ఇది నింద. ఎవరినీ నింద పట్టని చోట, ఉదాహరణకు ‘వాన కురిసిన పాపాన పోలేదు’ అని వాన మీద వాడేటప్పుడు, వానను మనిషిని చేసి మాట్లాడుతున్నామని తెలిసి వాడాలి.

చిత్రావతి (అనంతపురం):

‘పాపానికి’ వాక్యాలు చూసినాక ‘తప్పు’ అన్న గుర్తు వెనక్కి తీసుకుంటున్నాను. ‘నింద’ అని గుర్తు వేయండి చాలు.

వేపచెట్టు కింద (కర్నూలు):

ఇంతసేపూ జాలి పాపం వ్యాకరణమే మాట్లాడుతున్నారు. అది ఎవరి చెవిలో పడుతుందో ఎవరూ మాట్లాడలేదు.

బస్టాండులో ఒకామె చేతికర్రతో దారి తడుముకుంటూ వస్తుంది. ‘పాపం, చూపు లేదు’ అని పక్కనున్నవాళ్లు అంటారు, ఆమెకు వినపడేటట్టే అంటారు. ఆ వెంటనే ఇంకొకరి నోటి నుంచి ‘ఏ జన్మలో ఏం పాపం చేసిందో’ వస్తుంది. ఈ రెండు వాక్యాల మధ్య ఊపిరి తీసుకునేంత ఎడం కూడా ఉండదు. మీరు ఒక ఆరోపమా రెండా అంటున్నారు, వినేవాళ్లకు అది ఒకటే మాట.

కుష్ఠును పాపరోగం అన్నారు మనవాళ్లు. అది ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు. మచ్చల సంఖ్యను బట్టీ, పరీక్షను బట్టీ 6 నెలలో 12 నెలలో మందుల కోర్సు వాడితే నయమవుతుంది, సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. మందు మొదలైన కొద్దికాలానికే అంటించే గుణం పోతుంది. అయినా జబ్బు కన్నా ఆ పేరుకు భయపడి మచ్చను దాచుకునేవాళ్లు ఉన్నారు. దాచుకుంటే నరాలు దెబ్బతింటాయి, వేళ్లకు స్పర్శ పోతుంది, కాలినా కోసుకున్నా తెలియక పుండ్లవుతాయి. పేరు చేసిన చెరుపు అది.

జాలి పాపంలో నింద దాగుంది. దీన్ని పద్దులో రాయాలి. వైకల్యం ఉన్నవాళ్ల ఎదుట ఈ మాట అనొద్దని వాడుక సూచన పెట్టాలి. ‘ఆమెకు చూపు లేదు, దారి ఇవ్వండి’ అంటే చాలదా?

నల్లమల నీడ (కర్నూలు):

అక్కా, సూచన పెట్టాలన్నదానికి నేనూ చేయెత్తుతాను. జాలి పాపం ‘చేసిన పాపం’ నుంచి పుట్టిందన్నది మాత్రం సరికాదని నా నమ్మకం. అది ‘కీడు’ నుంచి పుట్టింది.

సంస్కృతంలో పాపం అంటే మొదట్నుంచీ తప్పుడు పని ఒక్కటే కాదు. ఋగ్వేదం 7వ మండలం 32వ సూక్తంలో కవి ఇంద్రుడితో, నీకున్నంత సంపద నాకుంటే నన్ను పొగిడినవాణ్ని ‘పాపత్వానికి’ వదిలేయను అంటాడు. అక్కడ పాపత్వం అంటే దిక్కులేని స్థితి, లేమి. బ్రాహ్మణ గ్రంథాల్లో ‘శ్రేయాన్’ అంటే మెరుగ్గా ఉన్నవాడు, ‘పాపీయాన్’ అంటే చితికిపోయినవాడు. మన ‘పాపిష్టి’ కూడా ఆ వరుసలోదే. పాప, పాపీయస్, పాపిష్ఠ అని పోతుంది. అంటే ‘అన్నిటికన్నా చెడ్డ’ అని.

ఇంత వెనక్కి వద్దంటే ఇంట్లో క్యాలెండరు చూడండి. రవి, కుజుడు, శని, రాహువు, కేతువులను పాపగ్రహాలంటారు. శని ఏం తప్పు చేశాడని? కీడు తెచ్చేవాడని అర్థం, అంతే. సంస్కృత నాటకాల్లో వినకూడని మాట వినపడగానే పాత్రలు ‘శాంతం పాపం’ అంటాయి. కీడు తొలగుగాక అని. అది తప్పు ఒప్పుకోవడం కాదు, ఉలికిపాటు. ‘అయ్యో పాపం’కు దగ్గరి చుట్టం ఇదే.

తెలుగులో ఇట్లాంటిదే ఇంకోటి ఉంది. ‘అన్యాయంగా పోయినాడు, ముప్పై ఏళ్లు కూడా లేవు’ అంటాం. పోయినవాడు అన్యాయం చేశాడని కాదు గదా. వానికి జరిగింది అన్యాయం. ‘పాపం’ కూడా అట్లాగే, వానికి జరిగింది కీడు.

వేపచెట్టు కింద (కర్నూలు):

‘అన్యాయంగా పోయినాడు’ మంచి ఉదాహరణ, నా నోటికి తాళం వేసినంత పని చేసింది. అయితే పూర్తిగా వేయలేదు. ‘అన్యాయంగా పోయినాడు’ అన్నాక ‘ఏం అన్యాయం చేశాడో’ అని ఎవరూ అనరు. ‘పాపం’ అన్నాక ‘ఏం పాపం చేశాడో’ అంటారు. వేదంలో అర్థం ఏదైనా, నోళ్లలో ఆ వంతెన పడిపోయింది. కష్టంలో ఉన్నవాళ్లు కూడా తమని తామే ‘నా పాపం పండింది’ అనుకుంటారు. పుట్టుక గొప్పగా ఉందని వాడుకలోని ముల్లు పోదు.

నల్లమల నీడ (కర్నూలు):

పోదు. అందుకే సూచన పెట్టమంటున్నాను. కానీ పుట్టుక దగ్గర మాత్రం ‘కీడు’ అని రాయండి. ఆ ఒక్క మాట చదివిన పిల్లకు, జాలిపడటమంటే నింద వేయడం కాదని తెలుస్తుంది.

రాయదుర్గం రోడ్డు (అనంతపురం):

మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం ఇంట్లో మాట్లాడేవాళ్లు ‘అయ్యో పాప’ అంటారు, వాళ్లకూ జాలికి, తప్పుకు మాట ఒకటే. తమిళంలో ‘పావం’, రెండింటికీ అదే. మలయాళంలో మాత్రం రెండు రూపాలున్నాయి. ‘పాపం’ అంటే చేసిన పాపం, ‘పావం’ అంటే జాలిపడదగినవాడు, అమాయకుడు. ‘పావం’ ప్రాకృతం గుండా వచ్చిన రూపం, ‘పాపం’ సంస్కృతం నుంచి నేరుగా దిగినది. హిందీవాళ్లు జాలికి ‘బేచారా’ అంటారు, పాపం అనరు.

మలయాళ నిఘంటువులో రెండు ఆరోపాలు తప్పవు, రూపమే వేరు గనుక. మనకు రూపం ఒకటే, పుట్టుకా ఒకటే. ఒకే ఆరోపం.

బడిగంట (కడప):

ఆరోపాల లెక్క తేలేటట్టుంది గనుక ఒక పెద్ద లోపం చెప్తాను. మొదటి అర్థానికి ఏం నిర్వచనం రాస్తారు? ‘శాస్త్రం కాదన్న పని’ అని రాస్తే క్లాసులో సగం మంది ఇళ్లలో వాడే మాట బయట ఉండిపోతుంది.

చర్చికి పోయే ఇంట్లో ‘జన్మపాపం’ అంటారు. అది ఎవరూ చేసిన పని కాదు, పుట్టుకతో ఉండేది. ‘చేసిన తప్పు’ అన్న నిర్వచనం అక్కడే బెడిసికొడుతుంది. కథోలికులు గురువు దగ్గర పాపాలు చెప్పుకోవడాన్ని పాపసంకీర్తనం అంటారు. సంకీర్తనం అనగానే పాట అనుకునే పిల్లలకు ఇది తెలియాలి. బైబిలు మూలంలో పాపానికి వాడిన గ్రీకు మాట ‘హమర్తియా’, హీబ్రూ ధాతువు ‘ఖాతా’, రెండింటికీ గురి తప్పడం అన్న అర్థం ఉంది. న్యాయాధిపతుల గ్రంథం 20వ అధ్యాయంలో వడిసెల రాయి వెంట్రుకవాసి కూడా గురి తప్పనివాళ్ల గురించి చెప్పేచోట వాడింది ఆ ధాతువునే. మత్తయి 6వ అధ్యాయంలోని పరలోక ప్రార్థనలో తెలుగు అనువాదం ‘మా ఋణములు క్షమించుము’ అంటుంది, పాపం అక్కడ అప్పు.

ముస్లిముల ఇళ్లలో ‘గునా’ అంటారు, పారసీ మాట. దానికి విరుగుడు ‘తౌబా’, అంటే వెనక్కి మళ్లడం.

మన పాత మాటల్లో అది మురికి. అమరకోశం పాపానికి పర్యాయపదాలు చెప్తూ మొదలుపెట్టేదే ‘పంకం’తో. పంకం అంటే బురద. తర్వాత కల్మషం, కలుషం. అందుకే పాపం అంటుకుంటుంది, కడుక్కుంటాం. తెలుగులో వేరే బొమ్మలూ ఉన్నాయి. పాపం పండుతుంది, అంటే పంట. మూటగట్టుకుంటాం, మోస్తాం, అంటే బరువు. పంచుకుంటాం కూడా, ‘తిలాపాపం తలా పిడికెడు’. నువ్వుల దానం పట్టినవానికి ఇచ్చినవాని పాపం సంక్రమిస్తుందని నమ్మకం, అందుకే పట్టేవాళ్లు దొరకరు. ఈరోజు ఆ సామెతను నలుగురూ కలిసి చేసిన తప్పుకు నలుగురికీ వాటా ఉందనడానికి వాడుతున్నాం.

కాబట్టి నిర్వచనం చిన్నదిగా రాసి, క్రియల జాబితా ఇవ్వండి: చేయు, అంటుకొను, తగులు, కడుక్కొను, మూటగట్టుకొను, పండు, పోవు. పిల్లలకు మాట వాడటం క్రియల వల్లే వస్తుంది. ‘పాపం పొందాడు’, ‘పాపం జరిగింది’ అని రాసే పిల్లలు క్రియ తెలియకే అట్లా రాస్తారు.

గుత్తికోట (అనంతపురం):

దీనికి తోడు ఇంకో రెండు వాక్యాలు చేర్చండి. ఇంట్లో పిల్లలు ఈ మాట మొదట వినేది ‘అన్నం తొక్కితే పాపం’, ‘పుస్తకానికి కాలు తగిలితే పాపం, కళ్లకద్దుకో’ అన్నప్పుడే. ఇక్కడ ఎవరికీ నష్టం జరగలేదు, పోలీసుకు పనిలేదు, కావాలని చేసిందీ కాదు. నేరం అంటే చట్టం పట్టుకునేది. తప్పు అంటే లెక్కలో కూడా చేసేది. దోషం జాతకంలో, పద్యంలో, చూపులో ఉండేది. ఎవరూ చూడకపోయినా, ఎవరికీ నష్టం లేకపోయినా మిగిలేది పాపం. ఈ తేడా ఒక్క ముక్కలో ఉంటే బాగుంటుంది.

పెన్నేటిగట్టు (కడప):

అందరికీ దండాలు. చిత్తుప్రతి ఇది, చూసి దిద్దండి.

పాపం. సంస్కృతం ‘పాప’, కీడు, చెడు. 1. నా. ఎవరు చూడకపోయినా తనకు అంటుకుంటుందని నమ్మే చెడ్డ పని, లేదా చెడ్డ స్థితి; దాని ఫలం. చేయు, అంటుకొను, తగులు, కడుక్కొను, మూటగట్టుకొను, పండు, పోవు అనే క్రియలతో. ‘అన్నం తొక్కితే పాపం.’ ‘-ఇన పాపానికి’: మంచి పనికి చెడు ఎదురైనప్పుడు. ‘నమ్మిన పాపానికి ముంచినాడు.’ ‘-ఇన పాపాన పోలేదు’: ఆ మాత్రం కూడా చేయలేదని నింద, ఎప్పుడూ వ్యతిరేకంలోనే. ‘ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.’ 2. అవ్య. ఎదుటివాళ్లకు కలిగిన కష్టానికి జాలి. వాక్యం మొదట, నడుమ, చివర వస్తుంది. ‘ఆయమ్మ పాపం పొద్దున్నించి ఏమీ తినలేదు.’ వాడుక సూచన: వైకల్యం, జబ్బు ఉన్నవాళ్ల ఎదుట అనకూడదు, నిందగా వినపడుతుంది.

కుక్క వాక్యం 1కీ 2కీ మధ్యన, అంకె లేకుండా పెడుతున్నాను.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

ఒకే ఆరోపానికి ఒప్పుకుంటున్నాను, 2కు ‘అవ్య.’ గుర్తు పడింది గనుక. అయితే ఒక వాక్యం మర్చిపోయినారు. ‘వాడు పాపం చేశాడు.’ ఇది రెండు విధాలా చదవొచ్చు. ‘పాపం చేశాడు’ ఒకే ఊపిరిలో అంటే చెడ్డ పని చేశాడని. ‘పా’ను కొంచెం సాగదీసి, ‘పాపం’ తర్వాత ఆగి ‘చేశాడు’ అంటే, వద్దన్నా వినకుండా కష్టపడి చేసిపెట్టినవాని మీద జాలి. నోట్లో తేడా తెలుస్తుంది, కాగితం మీద తెలియదు. రాసేటప్పుడు జాలి పాపం తర్వాత కామా పెట్టమని, మొదటి అర్థంలో పెట్టొద్దని సూచన చేర్చండి. మీ చిత్తులో ‘ఆయమ్మ పాపం పొద్దున్నించి’ దగ్గర కూడా కామా పడాలి.